తులిప్ చారల కథ: పువ్వుకు వచ్చిన జబ్బు, దానికి కట్టిన ధర, మనం ఎస్సేల్లో రాస్తున్న తప్పు

గత ఏడాది ఒక మాక్ టెస్ట్‌లో మార్కెట్లు, మనిషి ఆశ అనే అంశం మీద ఎస్సే రాశాను. మొదటి పేజీలోనే గట్టి ఉదాహరణ ఇవ్వాలని ఇలా మొదలుపెట్టాను: 1637లో హాలెండ్‌లో ఒక్క తులిప్ దుంప కోసం జనం ఇళ్లు అమ్ముకున్నారు, ధర పడిపోగానే వేలమంది కాలువల్లో దూకి చచ్చిపోయారు, దేశ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. పేపర్ దిద్దినవారు ఆ మూడు వాక్యాల పక్కన ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క మాట రాశారు: "ఆధారం?"

ఆ రోజు కోపం వచ్చింది. అందరూ రాసేదే కదా నేనూ రాసింది అనుకున్నాను. ఆధారం చూపిద్దామని వెతకడం మొదలుపెట్టాను. వెతికిన కొద్దీ నా మూడు వాక్యాల్లో రెండున్నర తప్పని తేలింది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, అవే వాక్యాలు నా నోట్స్‌లో ఉన్నాయి, ఆ నోట్స్ ఫొటోలు మా గ్రూపులో ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. ఒక జూనియర్ ఫోన్ చేసి "అన్నా, మీ తులిప్ పాయింట్ నేనూ వాడాను, బాగా కుదిరింది" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. అందుకే ఈ పోస్ట్. నా నోట్స్ దాచుకున్నవాళ్లు ఆ పేజీ కొట్టేసి దీన్ని పెట్టుకోండి.

వెతుకుతుంటే అసలు కథ నా మూడు వాక్యాలకంటే చాలా బాగుందని కూడా అర్థమైంది. ఎందుకంటే ఆ కథకు మధ్యలో ఉన్నది ఆశ ఒక్కటే కాదు. ఒక వైరస్ కూడా ఉంది.

1. పువ్వు ఎక్కడిది?

తులిప్ అనగానే మనకు హాలెండ్ గుర్తొస్తుంది. కానీ అది అక్కడి మొక్క కాదు. మధ్య ఆసియా కొండల్లో పుట్టి, పర్షియా మీదుగా ఒట్టోమన్ తుర్కుల తోటల్లోకి వచ్చింది. సులేమాన్ సుల్తాన్ కాలంలో, అంటే 16వ శతాబ్దం మధ్యలో, హాప్స్‌బర్గ్ రాయబారిగా ఇస్తాంబుల్‌లో ఉన్న బుస్బెక్ ఈ పువ్వును యూరప్‌కు పరిచయం చేసినవాళ్లలో ఒకడని చెబుతారు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన పేరు కరోలస్ క్లూసియస్. వృక్షశాస్త్రవేత్త. వియన్నాలో పనిచేసి, 1593లో లైడెన్ విశ్వవిద్యాలయం తోటకు వచ్చాడు. మరుసటి ఏడాది, 1594 వసంతంలో, ఆ తోటలో తులిప్‌లు పూశాయి. డచ్చి తులిప్ చరిత్ర సాధారణంగా ఆ తేదీతోనే మొదలవుతుంది.

ఇదే కాలంలో మన దేశంలో ఏం జరుగుతోందో పక్కన రాసుకోండి. 1620లో జహంగీర్ కశ్మీర్ వెళ్లాడు. అక్కడి పువ్వులను చూసి మురిసిపోయి, ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్‌తో వందకు పైగా పువ్వుల బొమ్మలు గీయించానని తన స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. మన్సూర్ గీసిన ఎర్ర తులిప్ బొమ్మ మొఘల్ చిత్రకళలో పేరున్నది. అంటే 1620ల్లో ఒకే పువ్వును రెండు చోట్ల కళ్లప్పగించి చూస్తున్నారు. మన్సూర్ చూసింది కొండ మీద పూసిన నిండు ఎరుపు. డచ్చివాళ్లు ఎగబడింది మాత్రం ఎరుపు విరిగిపోయి, తెల్లటి రేకు మీద మంటల్లా పాకిన పువ్వుల కోసం.

2. చార ఎలా వచ్చేది?

తులిప్ రేకుకు రెండు పొరల రంగు ఉంటుందనుకోండి. అడుగున తెలుపో పసుపో ఉంటుంది. దాని మీద ఎరుపు, ఊదా వంటి రంగును ఆంథోసయనిన్ అనే వర్ణకం ఇస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మొక్కలో ఈ పైరంగు రేకంతా సమంగా పరుచుకుంటుంది. వైరస్ సోకితే కొన్నిచోట్ల ఆంథోసయనిన్ తయారీ తగ్గుతుంది, కొన్నిచోట్ల మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. తగ్గినచోట అడుగు రంగు బయటపడుతుంది. అదే చార, అదే మంట, అదే ఈక గీత. ఈ మార్పును పెంపకందారులు పువ్వు "విరగడం" అన్నారు. ఈ జబ్బు కలిగించేది ఒకే వైరస్ కాదు, పోటీవైరస్ కుటుంబంలో దగ్గరి చుట్టాలైన కొన్ని. వాటిలో ముఖ్యమైనదాని పేరే తులిప్ బ్రేకింగ్ వైరస్.

దీన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకెళ్లేది పేనుబంక. మన మిరప, బెండ తోటల్లో లేత ఆకుల అడుగున గుంపులుగా కనిపించే చిన్న పురుగు జాతే. జబ్బు మొక్క రసం పీల్చి, పక్క మొక్క మీద వాలి, నోటిసూది గుచ్చితే చాలు. నిమిషాల్లో పని అయిపోతుంది.

నేను ఇంజినీరింగ్‌లో చదివింది ఎలక్ట్రానిక్స్. సిగ్నల్‌లో నాయిస్ వస్తే దాన్ని ఎలా తీసెయ్యాలి అన్నదే మాకు నాలుగేళ్లు నేర్పారు. ఈ కథలో జనం సిగ్నల్‌ను వదిలేసి నాయిస్‌ను కొన్నారు. అందుకే నాకు ఇది మరిచిపోవడం కష్టమైంది.

3. చారకు అంత ధర ఎందుకు?

ఇది ఈ పోస్ట్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. నెమ్మదిగా చదవండి.

తులిప్‌ను రెండు రకాలుగా పెంచవచ్చు. ఒకటి విత్తనం. విత్తనం నుంచి పువ్వు రావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. పైగా ఈ వైరస్ విత్తనం ద్వారా పోదు. అంటే చారల పువ్వు విత్తనం నాటితే చారల పువ్వు రాదు. రెండోది దుంప. నాటిన తల్లి దుంప పక్కన చిన్న పిల్ల దుంపలు వస్తాయి. అవి తల్లికి నకళ్లు, వైరస్‌తో సహా. చారల పువ్వును పెంచాలంటే ఉన్న దారి ఇదొక్కటే.

కానీ వైరస్ సోకిన దుంపకు బలం తగ్గుతుంది. ఏడాదికేడాది చిన్నదవుతుంది, పిల్లలు తక్కువ పెడుతుంది. ఈ మూడు విషయాలను కలిపి చూడండి:

- చారల పువ్వు ఎప్పుడు పుడుతుందో ఎవరికీ తెలియదు. నిన్నటిదాకా నిండు ఎరుపు పూసిన దుంప ఈ ఏడాది ఉన్నట్టుండి విరిగిపోవచ్చు.
- పుట్టినదాన్ని విత్తనంతో పెంచలేరు.
- దుంపతో పెంచుదామంటే అది నీరసించి ఉంది.

అందమైన వస్తువు, దాని సరఫరా పెంచే మార్గమే లేదు. డిమాండ్, సప్లై అని మనం ఎకనామిక్స్‌లో గీసే గీతల్లో సప్లై గీత దాదాపు నిలువుగా నిలబడే సందర్భం ఇదే. ఏ వైరస్ పువ్వుకు అందం ఇచ్చిందో, అదే దాన్ని అరుదుగా ఉంచింది, అదే దాన్ని చంపుతూ వచ్చింది. రోగిష్టి దుంప కాబట్టే ధర. ఆ సంగతి కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు.

అసలేమీ గమనించలేదా అంటే, గమనించారు. చారలు తిరిగిన మొక్క నీరసపడుతుందని, చచ్చిపోయే ముందు యజమానికి కనువిందు చేసి పోతున్నట్టు ఉంటుందని క్లూసియసే గుర్తించాడు. కారణం మాత్రం పట్టుకోలేకపోయాడు. తోటమాలులు రకరకాల చిట్కాలు ప్రయత్నించారు. పావురాల రెట్ట వేశారు, పాత గోడల సున్నం పొడి కలిపారు. కొందరు ఎర్ర దుంప సగాన్ని, తెల్ల దుంప సగాన్ని కలిపి కట్టి నాటారు, రంగులు కలిసిపోతాయన్న ఆశతో. ఈ చివరి చిట్కా అప్పుడప్పుడు పనిచేసే వీలుంది. రెండు సగాల్లో ఒకటి జబ్బుదైతే అందులోని వైరస్ రెండోదానికి పాకుతుంది. చేసిన పని సరైనది, అనుకున్న కారణం తప్పు. ఎథిక్స్ పేపర్‌లో శాస్త్రీయ దృక్పథం గురించి రాసేటప్పుడు ఈ ఉదాహరణ పనికొస్తుంది.

చారల తులిప్‌లను మూడు వర్గాలుగా విడదీశారు: తెలుపు మీద ఎరుపు లేదా గులాబీ (రోసెన్), తెలుపు మీద ఊదా (వయొలెటెన్), పసుపు మీద ఎరుపు లేదా గోధుమ (బిజార్డెన్). అన్నిటికంటే పేరుమోసినది సెంపర్ అగస్టస్, తెల్లటి రేకు మీద ఎర్రటి మంటలు. 1620ల్లోనే దాని ఒక్క దుంపకు వెయ్యి గిల్డర్లు పైచిలుకు ఇస్తామన్నారని అప్పటి చరిత్రకారుడు వాన్ వాసెనార్ రాశాడు. పనితనం ఉన్న చేతివృత్తివాడు ఏడాదంతా కష్టపడితే సుమారు 300 గిల్డర్లు వచ్చే రోజులవి. ఆ దుంపలు అప్పటికి డజనుకు అటూ ఇటూ మాత్రమే ఉండేవట.

4. 1636-37 శీతాకాలం

తులిప్ దుంపను ఎండాకాలంలో తవ్వి తీస్తారు, చలికాలానికి ముందు మళ్లీ నాటుతారు. దుంప చేతికి అందేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకానే. మిగతా నెలలు అది మట్టిలో ఉంటుంది. మొదట్లో వ్యాపారం కూడా ఆ ఎండాకాలపు నెలల్లోనే జరిగేది.

1630ల మధ్యకు వచ్చేసరికి మట్టిలో ఉన్న దుంపనే కాగితం మీద అమ్మడం మొదలైంది. ఫలానా తోటలో, ఫలానా వరుసలో, ఇంత బరువున్నప్పుడు నాటిన దుంపను, తవ్వి తీసిన రోజున ఇంత ధరకు ఇస్తాను అని ఒప్పందం. బరువుకు కొలమానం "ఏస్", అంటే గ్రాములో సుమారు ఇరవయ్యో వంతు. హార్లెం వంటి ఊళ్లలో సారా దుకాణాల వెనక గదుల్లో గుంపులుగా కూర్చుని ఈ కాగితాలు చేతులు మార్చుకునేవారు. అమ్మేవాడి చేతిలో దుంప లేదు, కొనేవాడి జేబులో డబ్బు లేదు. డచ్చివాళ్లే దానికి "గాలి వ్యాపారం" అని పేరు పెట్టారు. మనం ఇవాళ ఫ్యూచర్స్ అంటున్నదానికి పచ్చి రూపం అది.

చారల పువ్వు విషయంలో ఈ పద్ధతికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. వచ్చే వసంతంలో ఆ దుంప ఎలా పూస్తుందో ఎవరూ మాట ఇవ్వలేరు. చార అందంగా రావచ్చు, వికారంగా రావచ్చు, దుంప మట్టిలోనే కుళ్లిపోవచ్చు. ఫిబ్రవరిలో రాసుకున్న కాగితం ఏప్రిల్, మే నెలల్లో పూసే పువ్వు మీద పందెం.

ఇక్కడ ఒక తేడా తప్పకుండా పట్టుకోండి. అరుదైన చారల దుంపల ధర ఎందుకు పెరిగిందో వైరస్ చెబుతుంది. కానీ 1636 చివర్లో, 1637 జనవరిలో తక్కువ రకం దుంపల ధరలు కూడా ఎగిశాయి. పౌన్ల లెక్కన అమ్ముడుపోయే మామూలు దుంపలవి. వాటికి కొరత లేదు. ఆ పెరుగుదలకు కారణం వైరస్ కాదు, రేపు ఇంకొకడు ఎక్కువకు కొంటాడన్న నమ్మకం. సెంపర్ అగస్టస్ ధరను, మామూలు దుంప ధరను ఒకే గాటన కడితే మన విశ్లేషణ అక్కడే చెడిపోతుంది.

1637 ఫిబ్రవరి మొదటి వారంలో హార్లెంలో ఒక వేలంలో అడిగిన ధరకు కొనేవాడు రాలేదు. ఆ కబురు ఊరూరా పాకింది. విచిత్రం ఏమిటంటే దాదాపు అదే రోజుల్లో, ఫిబ్రవరి 5న, ఆల్క్‌మార్‌లో అన్నిటికంటే పెద్ద వేలం జరిగింది. వౌటర్ వింకెల్ అనే సత్రం యజమాని చనిపోతే, అనాథాశ్రమంలో ఉన్న అతని పిల్లల కోసం అతని దుంపలను వేలం వేశారు. మొత్తం సుమారు 90,000 గిల్డర్లు పలికింది. వైస్‌రాయ్ అనే రకం ఒక్క దుంప 4,000 గిల్డర్లు దాటింది. ఆ తర్వాత కొద్ది రోజులకే కొనేవాళ్లు మాయమయ్యారు.

ఆ సమయంలో హార్లెంలో మరో జబ్బు కూడా తిరుగుతోంది. 1635 నుంచి ఆ ప్రాంతంలో ప్లేగు. రేపు ఉంటామో లేదో తెలియని మనుషులు జూన్‌లో చేతికొచ్చే దుంపకు బేరమాడారు. ప్లేగు వల్లే జనం తెగించారని కొందరు చరిత్రకారులు అంటారు. అది ఒక వాదన, రుజువు కాదు. రాస్తే వాదనగానే రాయండి.

5. తర్వాత ఏమైంది? ఏం కాలేదు?

ఇప్పుడు నా మూడు వాక్యాల సంగతికి వద్దాం.

ధర పడ్డాక గొడవ దివాలాల గురించి కాదు, ఒప్పందాల గురించి. కొన్నవాడు డబ్బు కట్టనంటాడు, అమ్మినవాడు కట్టాల్సిందే అంటాడు. ఫిబ్రవరి చివర్లో పెంపకందారుల ప్రతినిధులు ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చుని, 1636 నవంబర్ 30 తర్వాతి ఒప్పందాలను పది శాతం కట్టి రద్దు చేసుకోవచ్చని ప్రతిపాదించారు. అది అంతటా అమలు కాలేదు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒప్పందాలను తాత్కాలికంగా ఆపేసింది. 1638లో హార్లెం నగర పాలకులు మూడున్నర శాతం కట్టి బయటపడవచ్చని తేల్చారు. అంటే చాలామంది కాగితం మీద నష్టపోయారు, జేబులో నుంచి పెద్దగా కట్టలేదు.

చరిత్రకారిణి ఆన్ గోల్డ్‌గార్ అప్పటి నోటరీ రికార్డులు, కోర్టు కాగితాలు తిరగేసి 2007లో ఒక పుస్తకం రాసింది. ఒక దుంపకు 300 గిల్డర్ల కంటే ఎక్కువ పెట్టినవాళ్లు ఆమెకు దొరికింది 37 మందే. వాళ్లలో ఎక్కువమంది వ్యాపారులు, స్థితిమంతులైన వృత్తిపనివాళ్లు. తులిప్ వల్ల మూకుమ్మడిగా దివాలా తీసిన దాఖలా లేదు. కాలువల్లో దూకినవాళ్ల దాఖలా లేదు. డచ్చి ఆర్థిక వ్యవస్థ కూలిపోలేదు, ఆ తర్వాత దశాబ్దాల పాటు యూరప్‌లో ముందు వరుసలోనే ఉంది.

మరి ఆ కథ మనదాకా ఎలా వచ్చింది? ఈ గొలుసు చూడండి. 1637లో ధర పడ్డాక, వ్యాపారం చేసినవాళ్లను వెక్కిరిస్తూ కరపత్రాలు వచ్చాయి. అత్యాశకు దేవుడు శిక్ష వేశాడన్నది వాటి సారం. తర్వాతి తరంలో ముంటింగ్ అనే వృక్షశాస్త్రవేత్త వాటిని ఆధారం చేసుకున్నాడు. 18వ శతాబ్దం చివర్లో జర్మన్ రచయిత బెక్‌మన్ వాటి నుంచి తీసుకున్నాడు. 1841లో స్కాట్లండ్ పాత్రికేయుడు చార్లెస్ మాకే బెక్‌మన్ నుంచి తీసుకుని, జనం పిచ్చి గురించి రాసిన తన పుస్తకంలో రంగులద్ది చెప్పాడు. ఆ పుస్తకం నుంచి పాఠ్యపుస్తకాలకు, వాటి నుంచి కోచింగ్ నోట్స్‌కు, అక్కడి నుంచి నా పేపర్‌కు వచ్చింది.

ఒక ఉదాహరణ చాలు. ఒక్క దుంపకు బదులుగా గోధుమలు, ఎద్దులు, పందులు, మంచం, వెండి గిన్నె ఇచ్చారని మనం చదువుతాం. అసలు కరపత్రంలో ఉన్నది, ఆ డబ్బుతో ఇవన్నీ కొనుక్కోవచ్చు కదా అనే మందలింపు. అది చేతులు మారుతూ, ఇవన్నీ నిజంగా ఇచ్చేశారన్న కథ అయింది. నావికుడు ఉల్లిపాయ అనుకుని తులిప్ దుంప తినేశాడన్న కథ కూడా ఇలాంటిదే. అంత ఖరీదైన దుంపను ఎవరైనా బల్ల మీద వదిలేస్తారా?

అలాగని అంతా కట్టుకథ అనకండి. అది ఇంకో తప్పు. ధరలు నిజంగానే పెరిగాయి, నిజంగానే పడ్డాయి. ఆర్థికవేత్త పీటర్ గార్బర్ చెప్పిందేమిటంటే, కొత్త రకం పువ్వు ధర మొదట్లో ఎక్కువగా ఉండి, దుంపలు పెరిగే కొద్దీ తగ్గడం పూల వ్యాపారంలో మామూలే, కాబట్టి అరుదైన రకాల ధరలను పిచ్చి అనలేం. మామూలు దుంపల ధరలు చివరి నెలలో ఎగిసిన తీరుకు మాత్రం ఆయన వాదన సరిపోదని ఆయనే ఒప్పుకుంటాడు. మాకే, గార్బర్, గోల్డ్‌గార్: మెయిన్స్‌లో ఈ మూడు పేర్లు, మూడు వైఖరులు రాస్తే చాలు.

6. కారణం దొరికింది 1928లో

చార ఎందుకు వస్తుందన్న ప్రశ్న దాదాపు మూడు శతాబ్దాలు అలాగే ఉండిపోయింది. వైరస్ అన్న ఆలోచనే లేనప్పుడు జవాబు ఎలా దొరుకుతుంది? ఆ ఆలోచన పుట్టింది కూడా మొక్క జబ్బు నుంచే, అందులోనూ చాలా భాగం డచ్చి నేల మీదే. 1886లో అడాల్ఫ్ మేయర్ అనే శాస్త్రవేత్త పొగాకు ఆకు మచ్చల జబ్బు ఒక మొక్క రసం నుంచి ఇంకో మొక్కకు సోకుతుందని చూపాడు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, బ్యాక్టీరియాను ఆపే వడపోత గుండా పోయిన రసం కూడా జబ్బు తెప్పిస్తుందని కనుగొన్నాడు. 1898లో డెల్ఫ్ట్‌లో బైజరింక్, ఇది బ్యాక్టీరియా కాదు, కొత్త రకం అంటుకారకం అని తేల్చి దానికి వైరస్ అన్న మాట వాడాడు. ప్రిలిమ్స్‌కు ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

తులిప్ దగ్గరకు వచ్చింది డొరొథీ కేలీ. ఇంగ్లండ్‌లో జాన్ ఇన్నెస్ సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త. చారల తులిప్ దుంప ముక్కను ఆరోగ్యమైన నిండు రంగు దుంపలోకి అంటుకట్టింది. ఆ దుంపలూ విరిగాయి. చార సోకే జబ్బు అని 1928లో ప్రకటించింది. పాత తోటమాలులు రెండు సగాలు కలిపి కట్టింది ఇదే పని, కానీ ఆమె ప్రశ్న వేసి, లెక్క పెట్టుకుని చేసింది. పేనుబంక పాత్ర కూడా ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే రుజువైంది.

జవాబు దొరికిన రోజు నుంచే చారల పువ్వుకు గడ్డుకాలం వచ్చింది. జబ్బు అని తేలాక దాన్ని పొలంలో ఉంచరు కదా. ఇవాళ డచ్చి తులిప్ పొలాల్లో జబ్బు మొక్కలను వెతికి పీకెయ్యడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు వసంతంలో వరుస వరుసా తిరుగుతారు. దుకాణాల్లో కనిపించే చారల తులిప్‌లు వైరస్ లేకుండా, జన్యువుల వల్లే చారలు వచ్చేలా పెంచినవి. పాత వైరస్ రకాలు కొన్ని హాలెండ్‌లో లిమెన్ ఊరిలోని హోర్టస్ బల్బోరమ్ తోటలో, ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ తులిప్ సొసైటీ సభ్యుల దగ్గర మిగతావాటికి దూరంగా బతుకుతున్నాయి. సెంపర్ అగస్టస్ మాత్రం ఎక్కడా లేదు. మిగిలింది దాని బొమ్మలే.

7. మన తీరానికి, మన పొలానికి సంబంధం

ఇది మనకెందుకు అనేవాళ్ల కోసం రెండు లంకెలు.

మొదటిది డబ్బు. దుంపలు కొనగలిగే వర్తక సంపద డచ్చి నగరాలకు ఎక్కడి నుంచి వచ్చింది? బాల్టిక్ ధాన్య వ్యాపారం, చేపలు, బట్టలతో పాటు ఆసియా వ్యాపారం కూడా. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. 1605లోనే మన మచిలీపట్నం వచ్చారు. 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టారు. కోరమండల్ నేత బట్టలు కొని, ఇండోనేషియా దీవుల్లో వాటిని ఇచ్చి సుగంధద్రవ్యాలు కొనడం వాళ్ల పద్ధతి. పాలకొల్లు, భీమునిపట్నంలోనూ వాళ్ల స్థావరాలు వెలిశాయి. మచిలీపట్నం, భీమిలిలో డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, వీలైతే వెళ్లి చూడండి. మన నేతగాడి మగ్గం వల్లే తులిప్ ధర పెరిగింది అని మాత్రం రాయకండి, అది అతి. ఆ సంపదలో ఒక పాయ మన తీరం నుంచి వెళ్లింది, అంతవరకే నిజం.

రెండోది పొలం. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ పైరు ఉన్నట్టుండి మొవ్వ ఎండి, కాండం కుళ్లి చచ్చిపోయింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో తెగులు, నష్టం 300 కోట్ల రూపాయల పైనే అని అంచనా. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు గుర్తించారు. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి వేరుశనగ ఆకుల మీద పడేస్తాయి. బంతి, చామంతి వంటి పూల మొక్కలకూ ఇది సోకుతుంది.

రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టండి. కంటికి కనిపించని కారకం, దాన్ని మోసే చిన్న పురుగు, నీరసించే మొక్క. హార్లెంలో దానికి వేల గిల్డర్లు కట్టారు, ఎందుకంటే అక్కడ పువ్వు ధనవంతుడి తోటలో అలంకారం. అనంతపురంలో అదే తీరు రైతు ఏడాది తిండిని మింగేసింది. వైరస్‌కు అందమూ తెలియదు, అప్పూ తెలియదు. ఆ మొక్క ఎవరికి ఏమవుతుందన్నదాన్ని బట్టి అది ఆభరణమో ఆపదో అయింది.

శ్రీనగర్‌లో 2007లో తెరిచిన ఇందిరాగాంధీ స్మారక తులిప్ తోటకు దుంపలు హాలెండ్ నుంచి దిగుమతి అవుతాయి. దుంపతో పాటు వైరస్ కూడా ప్రయాణం చేయగలదని మనం ఇందాకే చూశాం. అందుకే 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం, 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉన్నాయి. జీఎస్-3లో బయోసెక్యూరిటీ ప్రశ్న వస్తే, విత్తనం ద్వారా రాని వైరస్ దుంప ద్వారా ఎలా వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పండి. చట్టం పేరు ఒక్కటే రాసినదానికంటే జవాబు నిలబడుతుంది.

8. ఎలా రాయాలి?

నా పాత మూడు వాక్యాల చోట ఇప్పుడు నేను రాసేది ఇది: "1637 ఫిబ్రవరిలో డచ్చి నగరాల్లో తులిప్ దుంపల ధరలు కూలాయి. అరుదైన చారల రకాల ధరకు మూలం, వాటిని పుట్టించి బలహీనపరిచిన వైరస్ వల్ల వచ్చిన కొరత. మామూలు రకాల ధరకు మూలం స్పెక్యులేషన్. నష్టం పరిమితమే అయినా, నమ్మకం దెబ్బతిన్న తీరు మాత్రం పెద్ద పాఠం." పాతదానంత జోరు దీనికి లేదు. కానీ పక్కన ఎవరైనా "ఆధారం?" అని రాస్తే చెప్పడానికి నా దగ్గర మాట ఉంది.

సాధన కోసం రెండు ప్రశ్నలు. కామెంట్లలో రాస్తే చదివి చెబుతాను.

1. తులిప్ ధరల పతనంపై 19వ శతాబ్దపు రచనలకు, ఆధునిక పరిశోధనకు మధ్య తేడాలను చర్చించండి. (150 పదాలు)
2. ఒక వస్తువు విలువను ప్రకృతి నిర్ణయిస్తుందా, సమాజం నిర్ణయిస్తుందా? (ఎస్సే)

ఎర్ర పెన్నుతో ఆ మాట రాసిన మాస్టారు ఎవరో నాకు తెలియదు. ఆ పేపర్‌లో వచ్చిన మార్కులు తక్కువే. కానీ ఈ రెండేళ్ల ప్రిపరేషన్‌లో నాకు ఎక్కువ నేర్పింది ఆ ఒక్క మాటే. మీ నోట్స్‌లో కూడా అలాంటి వాక్యం ఒకటి ఉండే ఉంటుంది, అందరూ రాస్తారు కాబట్టి మీరూ రాసుకున్నది. ఈ రోజు చదవడం మొదలుపెట్టే ముందు దాన్ని ఒకసారి వెతకండి.